అగస్త్యుడి ముందునీడ

అగస్త్య అని పేరు పెట్టేటప్పుడు ఆ ఋషి బాగా పొట్టివాడన్న సంగతి ఇంట్లో పెద్దలకు గుర్తు రాలేదు కాబోలు. వింధ్యపర్వతాన్ని వంచినవాడి పేరు పెట్టుకుని ఈ పిల్లవాడు తానే వింధ్యమై కూర్చున్నాడు. పద్దెనిమిదో ఏడు వచ్చేసరికి ప్రతి గుమ్మాన్నీ వంగి దాటుతున్నాడు. మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో ఏ పేరంటమైనా సరే, వాడు లోపలికి వస్తున్నాడంటే ఎవరో ఒకరు వెళ్ళి సీలింగ్ ఫ్యాను కట్టేసేవారు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు గాని, ఈ పొడుగువాడికీ బుద్ధులకు లోటు లేదు. ఫ్యాను కట్టెయ్యగానే చేతులు జోడించి అందరికీ దణ్ణం పెట్టి మరీ కూర్చునేవాడు.

ప్రసూనకు వాడంటే ప్రాణం. నెత్తురు బంధుత్వం ఏమీ లేదు. పక్క వీధిలో ఉండే వకుళ కొడుకు, అంతే. కాని పరాయి దేశంలో పక్క వీధివాళ్ళే అక్కచెల్లెళ్ళవుతారు, ఆ లెక్కన ప్రసూన వాడికి పిన్ని. వకుళది చీరాల, నేతపనివాళ్ళ ఇల్లు. భర్త పోయాక మూడేళ్ళ పిల్లవాణ్ణి చంకనేసుకుని అన్నగారి సాయంతో ఇక్కడికి వచ్చి, వృద్ధాశ్రమంలో నర్సుగా చేస్తూ వాణ్ణి ఇంతవాణ్ణి చేసింది. దేనికీ భయపడే మనిషి కాదు. ఒక్క విషయంలో మాత్రం చాదస్తం. పిల్లవాడు కార్పెట్ మీద కాళ్ళు బారజాపి పడుకుంటే ఎవర్నీ దాటనిచ్చేది కాదు. పడుకున్న పిల్లల్ని దాటితే ఎదగరని, పొరపాటున దాటితే మళ్ళీ వెనక్కి దాటి రావాలని వాళ్ళ నాయనమ్మ మాట. చిన్నప్పుడు ఒక్కసారి దాటి ఉంటే ఇవాళ వీడికి దుకాణాల్లో ప్యాంట్లు దొరికేవి కదా అని ప్రసూన ఏడిపించేది. వకుళ నవ్వేది గాని, మంచినీళ్ళు తేవాలన్నా సోఫా చుట్టూ తిరిగే వెళ్ళేది.

ఆ పొడుగే వాణ్ణి ఆటలోకి లాక్కెళ్ళింది. ఇక్కడివాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. అంపైర్ బంతిని నేలకేసి కొడితే అది నిలువునా పైకి లేస్తుంది. అప్పుడు రెండు జట్ల నుంచీ ఒక్కొక్క పొడగరి పరిగెత్తుకొచ్చి, ఒకరి ఛాతీ మీదికి ఒకరు ఎగిరి, ఆ బంతిని గాల్లోనే తమ వాళ్ళ వైపు తట్టాలి. ఆ పొడగరినే రక్‌మన్ అంటారు. రక్‌మన్‌ని చిన్న వయసులో తీసుకోవడం మామిడి మొక్క నాటడం లాంటిదని క్లబ్బుల వాళ్ళు అనుకుంటారు. కాపుకి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, ఈలోపు మోకాలు పోవచ్చు, మడమ పోవచ్చు, మనసే విరిగిపోవచ్చు. అందుకే ప్రతి ఏడూ కొత్త కుర్రాళ్ళను పంచుకునే డ్రాఫ్ట్ రోజు దగ్గరపడే కొద్దీ, పిల్ల రక్‌మన్‌ని తీసుకోవాలా వద్దా అని పెద్ద పెద్ద వాళ్ళు తలలు పట్టుకుని కూర్చుంటారు.

ఆ తలనొప్పికి మందు ప్రసూన దగ్గర ఉంది. ఆమె చదివింది ఎముకల శాస్త్రం, ఊరు తెనాలి. ఆమె కట్టిన యంత్రం పేరు ముందునీడ. మనిషి నెత్తురు బొట్టు నుంచి కణాలు తీసి, చిన్న గాజుపెట్టెలో వాడి ఎముక ముక్క ఒకటి, నరం ముక్క ఒకటి, సేమియా అంత సన్నటి రక్తనాళం ఒకటి పెంచుతుంది. పంపు ఒకటి కుట్టుమిషన్‌లా టకటకలాడుతూ ఆ ముక్కల మీద వాడు బతకబోయే బతుకు బరువంతా మోపుతుంది. పెట్టెలో ఒక్క వారం గడిస్తే ఒంట్లో ఒక ఏడాది గడిచినట్టు. మనిషి నడవబోయే దారిలో వాడి నీడ ముందే నడిచి, ఎక్కడ పడుతుందో చూపిస్తుంది.

నిజానికి ఆమె దాన్ని కట్టింది ముసలమ్మల తుంటి ఎముకల కోసం. ఆసుపత్రివాళ్ళు రెండేళ్ళు మెచ్చుకుని మూడో ఏడు చేతులెత్తేశారు. ముసలమ్మల తుంటి మీద లేని శ్రద్ధ ఆటగాళ్ళ మోకాళ్ళ మీద లోకానికి ఉంటుంది కాబట్టి, హెరాన్స్ అనే క్లబ్బు ఆమెనీ, పెట్టెల్నీ కలిపి ఎత్తుకుపోయింది. హెరాన్ అంటే కొంగ. కొంగల క్లబ్బులో ఉద్యోగమా అని టార్నీట్ ఆడవాళ్ళు నవ్వారు. చేపను చూస్తూ ఒంటికాలి మీద నిలబడే జాతి అని ఆమె కూడా అప్పట్లో నవ్వింది.

ఆ జూన్‌లో, ఇక్కడ శీతాకాలం మొదలయ్యే వేళ, వచ్చిన నెత్తుటి సీసాల మీద ఎప్పటిలాగే పేర్లు లేవు. సంఖ్య, పొడుగు, బరువు అంతే. పేర్లు దాచడం గొప్ప నియమమే గాని, రెండు మీటర్ల ఎనిమిది సెంటీమీటర్ల కుర్రాళ్ళు ఆ రాష్ట్రంలో ఎంతమంది ఉంటారు? చూడగానే ఆమెకు తెలిసిపోయింది. తెలిసినవాళ్ళ సీసా వస్తే పై వాళ్ళకు చెప్పి తప్పుకోవాలి. ఆమె తప్పుకోలేదు. వకుళక్కకు శుభవార్త తనే ముందు మోసుకెళ్ళాలని ఆశ పడింది.

ప్రతి కుర్రాడికీ మూడు పెట్టెలు పెట్టడం ఆమె పద్ధతి. అగస్త్య ఎముకలు చూసి మురిసిపోయింది. మూడో వారం, నాలుగో వారం, ఐదో వారం, మోకాలి చిప్ప ఉక్కులా ఉంది. మడమ నరం ఎంత లాగినా తెగలేదు. అంత పొడుగువాడికి అంత గట్టి కీళ్ళు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎనిమిదో వారం మొదట్లో ఒక ఉదయం టీ కప్పు చేత్తో పట్టుకుని గదిలోకి వస్తే మొదటి పెట్టెలో నీళ్ళు గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి. రక్తనాళం మధ్యలో ఉబ్బి, నిలువునా చీలింది.

పెట్టె కడగడంలో ఏదో లోపం జరిగిందనుకుంది. మర్నాడు రెండోది చీలింది. ఆ వారం దాటకుండానే మూడోదీ చీలింది, అదే చోట, అదే తీరున. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని మూడు పెట్టెలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎముకల్ని గట్టిగా పొడిగించిన ఆ పుట్టుక గుణమే గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళాన్ని పలచన చేసింది. ఏడు సీజన్లు పులిలా ఆడతాడు. ఎనిమిదో సీజన్‌లో ఏదో ఒక మధ్యాహ్నం బంతి కోసం ఎగిరి కింద పడతాడు. మళ్ళీ లేవడు.

లేచి నాలుగో పెట్టె పెట్టింది. ఈసారి పంపును ఆటగాడి బతుక్కి తిప్పలేదు. ఆఫీసుకు వెళ్ళి, మెట్లెక్కి, సాయంత్రం నడిచి, నిద్రపోయే మామూలు మనిషి బతుక్కి తిప్పింది. రోజూ పొద్దున్నే ముందు ఆ పెట్టె దగ్గరికే వెళ్ళేది. ఎనిమిదో వారం దాటింది, పన్నెండో వారం దాటింది, నాళం చెక్కుచెదరలేదు. ఆడకపోతే బతుకుతాడు. ఆ సంగతి లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

హెరాన్స్‌లో కొత్త ఆటగాళ్ళను ఎంచే పెద్దాయన పేరు టల్లక్. అతను చెడ్డవాడైతే ప్రసూనకు పని తేలికయ్యేది. మెత్తగా మాట్లాడతాడు, గదులు ఊడ్చేవాళ్ళ పిల్లల పేర్లు కూడా గుర్తుంచుకుంటాడు. ఆమె చెప్పినదంతా మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. ఆఖర్న అడిగింది ఒకటే. ఏడో సీజన్ అయ్యేదాకా మాత్రం ఏమీ కాదు కదా?

కాదని ఆమె చెప్పింది. మోకాళ్ళు? గట్టివి. మడమలు? అంతకంటే గట్టివి.  వీడి కీళ్ళు ఇంత గట్టివని మిగతా క్లబ్బులకు తెలియదు కాబట్టి, డ్రాఫ్ట్‌లో క్లబ్బులు వరసగా పేర్లు చదివేటప్పుడు నలభయ్యో పేరు దాకా పిల్లవాడు మిగిలే ఉంటాడన్నాడు టల్లక్. ఆరో ఏడు వచ్చేసరికి వాణ్ణి అడిగే క్లబ్బులు చాలా ఉంటాయని, అప్పుడు మంచి బేరం చూసుకోవచ్చని కూడా అన్నాడు. ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పండు కుళ్ళేలోపు పక్కవాడి బుట్టలో వేస్తానంటున్నాడు.

పిల్లవాడికి చెప్పి తీరాలని ఆమె పట్టుబట్టింది. నెత్తురు ఇచ్చేటప్పుడే ఫలితం క్లబ్బుదని ఒప్పుకుని సంతకం చేశాడని టల్లక్ గుర్తుచేశాడు. పైగా ఇవాళ వాడి గుండె స్కాన్ చేస్తే శుభ్రంగా ఉంది, డాక్టరు సరేనన్నాడు.

"నీ దగ్గరున్నది ఒక గాజుపెట్టె, ప్రసూనా," అన్నాడు మెత్తగానే. "దాన్ని చూపించి ఒక కుర్రాడి కలను తెంపేస్తావా?"

ఆ ఆదివారమే ఆమె వకుళ ఇంటికి వెళ్ళింది. అగస్త్య మైదానానికి వెళ్ళాడు. వకుళ చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. ప్రసూన ఎలా చెప్పాలో తెలియక తిన్నగానే చెప్పేసింది. నాళం గోడ పలచనని, ఎగిరినప్పుడల్లా నెత్తుటి పోటుకి కొంచెం కొంచెం ఉబ్బుతుందని, ఒకనాటికి చీలుతుందని. వకుళ చేతులు ఆగలేదు. గిన్నెలో కాయలన్నీ అయిపోయేదాకా ఈనె తీస్తూనే ఉంది.

"పేక పలచన," అంది చివరికి. "బట్ట చూడ్డానికి బాగానే ఉంటది. ఉతికే కొద్దీ తెలుస్తది."

అప్పుడు చెప్పింది, పదిహేనేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట. అగస్త్య వాళ్ళ నాన్న మోటారుసైకిల్ మీద నుంచి పడి చనిపోలేదు. పిల్లవాడికి అట్లా చెప్పి పెంచింది. ఆయన చీరాల సముద్రం ఒడ్డున వాలీబాల్ ఆడుతూ, నెట్ దగ్గర పైకెగిరి బంతి కొట్టి, ఇసుకలో బోర్లా పడ్డాడు. ఆడొద్దని డాక్టరు చెప్పి వారం కూడా కాలేదు. వద్దన్నారు కాబట్టే ఆ రోజు పనిగట్టుకుని వెళ్ళాడు. వాళ్ళ వంశంలో వద్దన్న పనే ముందు చేస్తారు.

"ఆ సంబంధం వచ్చినప్పుడే మాకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది," అంది వకుళ. "ఆ ఇంటి మగోళ్ళు ముప్పై అయిదు దాటరు, పిల్లనియ్యమాకండి అని. కుళ్ళుమోతోడు ఎవడో రాశాడని మా నాన్న చించి పొయ్యిలో ఏశాడు."

ప్రసూన ఇప్పుడైనా అగస్త్యకు నిజం చెబుదామంది. వకుళ తల అడ్డంగా ఊపింది.

"చెప్పమాక. చెబితే ఆగే రకం కాదు, ఇంకా ఎగురుతాడు. వాడంతట వాడు మానడు గాని, వాళ్ళంతట వాళ్ళు వద్దనేటట్టు చెయ్యి. సంబంధం చెడగొట్టు, ప్రసూనా. ఓ ఏడాది ఏడుస్తాడు. ఏడిచి బతుకుతాడు."

ఆలోచించేకొద్దీ అదే దారి అనిపించింది ప్రసూనకు. టల్లక్ బేరమంతా మిగతావాళ్ళకు తెలియకపోవడం మీద నిలబడి ఉంది. అందరికీ తెలిస్తే ఆరో ఏట కొనేవాడు ఉండడు. కొనేవాడు లేకపోతే టల్లక్ కూడా తీసుకోడు. మచ్చ ఉందని తెలిశాక ఏ సంబంధమైనా నిలుస్తుందా? మన ఊళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు ఒక్క చెవిమాటతో ఆగిపోలేదు? ఆమెకు తోచిన లెక్క ఇది. తెనాలిలో అయితే తిరుగులేని లెక్కే.

ఆకాశరామన్న అయినా ఉత్తరం రాసేవాడు. ఆమె అదీ రాయలేదు, రాస్తే చేతిరాత ఎవరిదో తేలుతుందని భయం. నాలుగైదు క్లబ్బుల ఆటగాళ్ళకు కాళ్ళు పిసికే డీన్ అనే ఫిజియో ఉన్నాడు. అతని దగ్గర భుజం నొప్పి వంకతో కూర్చుని, మాటల్లో మాటగా ఆ పొడుగు కుర్రాడి సంగతి చెప్పింది. ఏడు సీజన్లు, ఆ తరువాత గుండె. ఎవరితోనూ అనొద్దని కూడా చెప్పింది. ఎవరితోనూ అనొద్దంటే ఏ భాషలోనైనా అర్థం ఒకటే.

మాట పాకింది. పది రోజుల్లో ఒక్కొక్క క్లబ్బు నుంచీ మనుషులు అగస్త్యను మళ్ళీ చూడ్డానికి వచ్చారు. సోఫాలో కూర్చున్నారు, వకుళ ఇచ్చిన కాఫీ తాగారు, పిల్లవాడితో పావుగంట విడిగా మాట్లాడి వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు వెళ్ళి కబురు చెయ్యకపోతే దాని అర్థం ఆడవాళ్ళిద్దరికీ బాగా తెలుసు. వకుళ దేవుడికి దీపం పెట్టింది. ప్రసూన కూడా చాన్నాళ్ళకు కడుపునిండా తిని పడుకుంది. నాలుగో పెట్టెలో పంపు ఇంకా టకటకలాడుతూనే ఉంది.

డ్రాఫ్ట్ నవంబరులో, సాయంత్రం పూట. పేర్లు చదవడం టీవీలో చూపిస్తారు. మొదటి వరసలో పేరు వస్తుందనుకున్న కుర్రాళ్ళను హాలుకే పిలిచారు. నలభయ్యో యాభయ్యో అనుకున్నవాళ్ళు ఇళ్ళల్లోనే కూర్చున్నారు. అగస్త్య టీవీ ముందు కార్పెట్ మీద కూర్చుని, ఉన్న గోళ్ళన్నీ కొరికేశాడు. వకుళ వంటింట్లో కొర్రమీను పులుసు పెట్టింది. పేరు రాకపోతే ఓదార్చడానికి అది తప్ప వేరే ఉపాయం ఆమెకు తోచలేదు. ప్రసూన పక్కన కూర్చుని ఏడవబోయే పిల్లవాడికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటోంది.

మొదటి పేరు చదివారు. రెండో పేరు చదివారు. మూడో పేరు పెంగ్విన్స్ క్లబ్బు చదవాలి. సూటు వేసుకున్న ఆయన కాగితం చూసి, కొంచెం తడబడి, అగస్త్య పేరూ ఇంటిపేరూ తప్పుగా పలికాడు.

ఇల్లంతా అరుపులు. వాడు లేచి ఎగిరిన ఎగురుకి పైకప్పు తలకి తగిలింది. పక్కింటివాళ్ళు వచ్చారు, ఫోన్లు మోగాయి, ఎవరో వాడి నోట్లో చక్కెర పోశారు. ప్రసూనకు మాత్రం చెవుల్లో పంపు టకటక తప్ప ఏమీ వినపడలేదు. చేతిలో ఫోన్ అదురుతుంటే చూసింది. టల్లక్. పెరట్లోకి వెళ్ళి ఎత్తింది.

అతను కోప్పడలేదు. మంచి కుర్రాడు చెయ్యి జారాడని మాత్రం బాధపడ్డాడు. మాట బయటికి పొక్కడం ఎవరి పనో అడగను కూడా లేదు. వాణ్ణి అందరూ ఎందుకు కోరుకున్నారో ఆమెకు అర్థం కాలేదేమోనని, చదువు చెప్పే పంతులులా విడమరిచి చెప్పాడు. మిగతా కుర్రాళ్ళ మోకాలు రేపే పోవచ్చు, ఎల్లుండే పోవచ్చు, ఎవరికి తెలుసు? ఏడేళ్ళు ఖాయంగా నిలుస్తాడని తెలిసిన రక్‌మన్ దేశం మొత్తం మీద వీడొక్కడే. పిల్ల రక్‌మన్‌ని తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే లేకుండా పోయింది. ఎనిమిదో ఏడు సంగతంటారా, అది ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు.

"రాసి పంపి ఉంటే వాళ్ళు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది," అన్నాడు. "చెవిమాటకి ఎవరూ జవాబుదారీ కాదు. వచ్చే ఏటి నుంచి అన్ని క్లబ్బులకీ నీ పెట్టెలు కావాలట. ప్రతి కుర్రాడికీ."

చేపను చూస్తూ నిలబడే జాతి. ప్రసూన తులసి కుండీ పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది. తను కాపాడబోయి వాడి మెడకు వెల చీటీ కట్టింది. ఒక్క వాక్యం తిన్నగా రాసి, కింద తన పేరు పెట్టి ఉంటే, ఉద్యోగం పోయేది, వాడు మిగిలేవాడు. చెడగొట్టడం ఎలాగో తెలిసింది గాని, చెప్పడం చేతకాలేదు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లోపలికి వచ్చేసరికి జనం పలచబడ్డారు. అగస్త్య అలిసిపోయి కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కాళ్ళు సోఫా నుంచి టీవీ దాకా గదంతా ఆక్రమించాయి. మొహం వెలిగిపోతోంది.

"అందరూ ఒకటే అడిగారు పిన్నీ," అన్నాడు. "ఏడు సీజన్లు ఆడితే నీకు చాలనిపిస్తుందా అని. వచ్చిన ప్రతివాడూ అదే ప్రశ్న. ఎందుకో తెలీదు. చాలన్నాను. ఏడేళ్ళంటే తక్కువా ఏంటి?"

 వంటింటి గుమ్మంలో వకుళ అన్నం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది, ఆ మాట విన్నది. ప్రసూన మొహం చూసింది. అడగవలసింది ఏమీ మిగల్లేదు.

వకుళ సోఫా చుట్టూ తిరిగి రాలేదు. తిన్నగా నడిచి వచ్చి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, కొడుకు మోకాళ్ళ మీదుగా దాటింది.

"అమ్మా, దాటావు," అన్నాడు వాడు నవ్వుతూ. "వెనక్కి దాటు. మళ్ళీ ఎదగనని నువ్వే ఏడుస్తావు."

"ఎదిగింది చాల్లే," అంది వకుళ. పళ్ళెం కింద పెట్టి వాడి తల దగ్గర కూర్చుంది. అరచెయ్యి వాడి ఛాతీ మీద ఆనించి కాసేపు అట్లాగే ఉంచింది. కార్పెట్ మీద వాడి ఫోన్ మళ్ళీ మోగుతోంది, తెర మీద పెంగ్విన్ బొమ్మ. వాడు చెయ్యి చాచాడు. వకుళ ఆ ఫోన్ తీసి ప్రసూన చేతికి ఇచ్చింది.

"మీ నాన్న బండి మీద నుంచి పడలేదు నాన్నా," అంది. "లేచి కూర్చో, చెబుతా."

వాడు ఇంకా నవ్వుతూనే లేచి కూర్చున్నాడు.